పదిహేనున్నర కాలరు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. ఇరవై ఏళ్లుగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎక్కడ ఎద్దుల బండలాగుడు పోటీలు జరిగినా మైకు నా చేతిలోనే ఉంటుంది. ఎద్దు తోక ఊపితే తుపాను లేచిందనీ, బండ జానెడు కదిలితే భూమి కదిలిందనీ చెప్పడం నా పని. ఊళ్లో నా పేరు కూడా మైకు ఓబులేసే. కాబట్టి ఇది చదివేవాళ్లు నేను చెప్పే ప్రతి లెక్కనూ సగానికి కోసి చదువుకోండి. నా మెడ కొలతలను మాత్రం కోయొద్దు. అవి నేను చెప్పినవి కావు, మా ఇంటామె రాసినవి.

మా ఇంటామె ఈశ్వరమ్మ బట్టలు కుడుతుంది. ఇంటి ముందు గదిలోనే మిషను. దాని పక్కన నల్ల అట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. ఎవరి భుజం ఎంత, ఎవరి నడుము ఏ ఏడు ఎంత పెరిగింది అన్నీ అందులో ఉంటాయి. అది ఒక్కసారి బయటపడితే సగం ఊరు మా ఇంటి మీదికి వస్తుంది.

ప్రతి ఉగాదికీ నాకొక చొక్కా కుడుతుంది. పోయినేటి కొలతతోనే కుట్టి, తొడిగాక కొత్త కొలత రాసుకుంటుంది. రెండేళ్ల కిందటి ఉగాది పొద్దున ఆ చొక్కా తొడుక్కుంటే కాలరు బొత్తాం పడలేదు. పదిసార్లు లాగాను. నిజానికి మూడుసార్లు.

"ఏందిమే, గుడ్డ ముడుచుకుందా?"

"నీళ్లే తగలని గుడ్డ ఎట్ల ముడుచుకుంటాదప్పా? నీ మెడే లావైంది."

"నా మెడ యాడ లావైతాది? రేయింబగళ్లు అరిచే మెడ."

"అరిచింది చాలు. గమ్మున నిలబడు."

టేపు మెడ చుట్టూ తిప్పింది. పుస్తకం తీసి చూసింది. పోయినేడు పదిహేనున్నర, ఇప్పుడు పదహారు. రాసుకుంది. తర్వాత వేళ్లతో నా గొంతు ముందు భాగం తడిమి, కుడిపక్కన ఒకచోట ఆగింది.

"మింగు," అంది.

మింగాను. ఆమె వేళ్ల కింద ఏదో పైకి పోయి, మళ్లీ కిందికి దిగింది. నాకు కూడా తెలిసింది. పండగ పూట మా ఇంట్లో ఇద్దరమూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. అట్లాంటిది మా పెళ్లయ్యాక జరగడం అదే మొదటిసారి.

ఆళ్లగడ్డలో మేము చూపించుకునే డాక్టరమ్మ నా వెనక నిలబడి రెండు చేతులతో మెడ పట్టి చూసింది. రక్తపరీక్ష రాసింది, మెడకు స్కాన్ రాసింది. రెండూ తీసుకుపోయాక నిదానంగా చెప్పింది.

"థైరాయిడ్ నాడ్యూల్స్, అంటే గడ్డలు, ఓబులేసు గారూ. కుడి లోబ్‌లో ఒకటి పెద్దది, రెండు పాయింట్ ఎనిమిది సెంటీమీటర్లు. పక్కన రెండు చిన్నవి. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ ఉంది. దానికి థైరాక్సిన్ ఇస్తాను, పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి. కానీ మాత్రతో గడ్డ కరిగిపోతుందని మాత్రం అనుకోవద్దు. అది ఎట్లాంటి గడ్డో ఎఫ్ఎన్ఏసీ, అంటే సూదితో కొంచెం తీసి చూసే పరీక్ష, చేస్తే తెలుస్తుంది. నంద్యాలకు వెళ్లండి."

"ఎట్లాంటిదంటే ఏంది మేడం?"

"టెస్ట్ అయినాక మాట్లాడుకుందాం."

టెస్టు కాకముందే మాట్లాడి ఉంటే బాగుండేది. ఆమె చెప్పని ఆ ఒక్క మాటను ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో నేనే ఒక లక్షసార్లు చెప్పుకున్నాను.

ఆ రోజు నేనొక్కడినే వెళ్లాను. ఈశ్వరమ్మ చేతిలో పెళ్లివాళ్ల బట్టలున్నాయి, రెండు రోజులాగితే తానూ వస్తానంది. నేను ఆగలేదు. ఇది నా మొదటి తప్పు. రెండోది చెప్తాను.

నంద్యాలలో ఆ సర్జన్ దగ్గర ఓపీలో నాలుగువేల మంది ఉన్నారు. సరే, నలభై. నా ముందున్నవాళ్లు లోపలికి పోవడం, టీ చల్లారేలోపే బయటికి రావడం చూశాను. మెల్లగా చెప్తే నన్ను కూడా అట్లాగే పంపేస్తాడు, గట్టిగా చెప్తేనే తలెత్తి చూస్తాడు అనుకున్నాను. ఇరవై ఏళ్ల అలవాటు. నా వంతు వచ్చింది. ఆయన కాగితం మీద రాసుకుంటూనే "ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"పదిహేను రోజుల్లో సార్, ఉసిరికాయంత ఉన్నది నిమ్మకాయంత అయిపోయింది. గొంతు మారిపోయింది. విను సార్, ఎట్లుందో!"

ఆయన రాయడం ఆపి తలెత్తాడు. మైకులో ఒక మాట విసిరితే జనం అంతా ఇటు తిరుగుతారే, అట్లా. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది.

గొంతు మారిన మాట నిజమే. అంతకు ముందు రెండు రోజులు శిరివెళ్ల పక్కన పోటీల్లో పొద్దు పొడిచింది మొదలు మునిగేదాకా అరిచి వచ్చాను. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

ముక్కులోంచి చిన్న కెమెరా పంపి గొంతు చూశాడు. "వోకల్ కార్డ్స్, అంటే గొంతు తీగలు, బాగానే కదులుతున్నాయి," అన్నాడు. తర్వాత సూది. గోనెసంచులు కుట్టే దబ్బనమంత సూది. ఈ లెక్కను పదో వంతుకు కోసుకోండి. నొప్పి పెద్దగా లేదు. "మింగొద్దు, మాట్లాడొద్దు" అన్నారు, అదే కష్టమైంది.

వారం తర్వాత రిపోర్టుకు ఈశ్వరమ్మ కూడా వచ్చింది.

"బెథెస్డా త్రీ వచ్చింది," అన్నాడు సర్జన్. "అంటే క్యాన్సర్ అని కాదు. కాదని చెప్పడానికీ లేదు."

"మరి?"

"రిపోర్ట్ ఒక్కటే చూస్తే మూడు నెలలాగి మళ్లీ ఎఫ్ఎన్ఏసీ చేద్దును. కానీ మీ హిస్టరీ వేరే. పదిహేను రోజుల్లో ర్యాపిడ్ గ్రోత్, వాయిస్ ఛేంజ్. రిస్క్ తీసుకోలేం. కుడి లోబ్ తీసేద్దాం."

"నా గొంతుకేం కాదు కదా సార్? నేను మైకులో చెప్పేవాణ్ణి."

"గొంతుకు పోయే నర్వ్ థైరాయిడ్ వెనకే ఉంటుంది. జాగ్రత్తగానే చేస్తాం. కొందరికి కొన్నాళ్లు గొంతు బొంగురుపోయి మళ్లీ వస్తుంది. అరుదుగా ఒకరికి అట్లాగే ఉండిపోతుంది. ముందే చెప్పడం నా బాధ్యత."

ఆయన ముందున్న కేస్ షీట్‌లో నేను విసిరిన మాటలు ఇంగ్లీషులో, గీత కింద గీత కొట్టి ఉన్నాయి. ఈశ్వరమ్మ వాటిని చూసింది, నన్ను చూసింది. ఆపరేషన్‌కు పదిహేనో రోజున తేదీ ఇచ్చారు. బస్సు నంద్యాల దాటాక నా వైపు తిరిగింది.

"పదిహేను దినాలా? నా పుస్తకంలో ఏడాదికి అర అంగుళం ఉంది."

"డాక్టరు పట్టించుకోవల్లని రొంత పెంచి చెప్పినామే."

"ఎద్దుల కాడ చెప్పినట్ల మెడ గురించి చెప్తారా ఎవురన్నా? నీ నోటికి ఆయప్ప కత్తి తీస్తాండాడు, తెలుస్తాందా నీకు?"

తెలిసింది. కానీ నా అవస్థ ఎవరికి చెప్పుకోను? వెళ్లి నిజం చెప్పాననుకోండి, ఆపరేషన్ ఆపేస్తారు. ఆ గడ్డ నిజంగా చెడ్డదై ఉంటే? నేను పుట్టి బుద్ధెరిగాక చెప్పిన ఒకే ఒక్క నిజం నన్ను చంపుతుంది. చెప్పకపోతే, అబద్ధానికి మెడ కోయించుకుంటాను. గొంతు పోతే నా దగ్గర ఇంకేం మిగులుతుంది? సెంటు పొలం లేదు, చేతిలో ఇంకో విద్య లేదు. ఇటు చూస్తే ప్రాణం, అటు చూస్తే గొంతు. పరగడుపున డాక్టరమ్మ మాత్ర వేసుకొని, అరగంట ఆగి టీ తాగాలి కదా, ఆ అరగంటా అద్దం ముందు నిలబడి మింగుతూ ఉండేవాణ్ణి. గడ్డ పైకి, కిందికి. తిండి సయించలేదు. వారంలో నలభై కిలోలు తగ్గాను. నాలుగు.

మైక్ సెట్టు దస్తగిరి నాకు తమ్ముడిలాంటివాడు. పోటీలకు ఇద్దరం కలిసే పోతాం. ధైర్యం చెప్పడానికి వచ్చాడు.

"అన్నా, ఏం భయపడాకు. మా అత్తగారి ఊర్లో ఒకామెకు ఇదే ఆపరేషన్ చేసిరి. శానా బాగుంది ఇప్పుడు."

"మాట్లాడతాందా?"

వాడు కొంచెం ఆలోచించాడు. "సైగలు బాగా చేస్తాదన్నా."

ఆ రోజే వాడితో చెప్పాను, నా గొంతు రికార్డు చేసి పెట్టమని. ఏం చెప్పల్లన్నా అన్నాడు. ఎద్దుల జతను బరిలోకి పిలిచేది చెప్పాను. గంట కొట్టేటప్పుడు అనేది, చివరి నిమిషంలో అనేది చెప్పాను. అన్నీ ఒకే ఊపులో వచ్చాయి. ఇంకేమన్నా ఉందాన్నా అన్నాడు. కాసేపు ఆగి, ఇంట్లో పిలిచినట్టే మామూలుగా, "ఈశ్వరీ, రొంత నీళ్లియ్యిమే," అన్నాను. దస్తగిరి సెట్టు ఆపేసి, బాగానే ఉన్న వైరును పట్టుకొని చాలాసేపు సరిచేశాడు.

ఆపరేషన్‌కు మూడు రోజులుందనగా తెగించాను. నల్ల అట్ట పుస్తకం చంకలో పెట్టుకొని నంద్యాల బస్సెక్కాను. ఓపీలో జనాన్ని తోసుకొని సర్జన్ గదిలోకి పోయి, ఆయన ఎదుట నిటారుగా నిలబడ్డాను. "సార్, నేను చెప్పింది అబద్ధం. ఇదిగో కొలతలు. మీరు ఏం తిట్టినా పడతాను, ముందు ఇది చూడండి," అని పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. నర్సు చేతిలో సిరంజి కిందపడింది.

ఆయన పుస్తకం దగ్గరికి లాక్కొని చదివాడు. నాలుగేళ్ల కొలతలు. పదిహేనున్నర, పదిహేనున్నర, పదిహేనున్నర, పదహారు.

"గొంతు సంగతి?"

రెండు రోజులు అరిచిన సంగతి కూడా ఆయనకు తెలిసింది. కలం మూత పెట్టాడు.

"హిస్టరీ అంటే మీకు ఊరికే అడిగే మాటలనుకుంటున్నారా? సగం వైద్యం అదే. మీ మాట నమ్మి మీ మెడ కోయబోయాను నేను." మళ్లీ పుస్తకం చూశాడు. "ఇది రాసినవాళ్లు నా దగ్గర పనికి వస్తే బాగుండు."

"ఆపితే, అది క్యాన్సరైతే?"

"థైరాయిడ్‌లో చాలావరకు మెల్లగా పోయేవే. మీ స్కాన్‌లో అంత భయపెట్టే గుర్తులు లేవు. మూడు నెలలాగితే ఏమీ మునిగిపోదు. మళ్లీ సూది వేద్దాం. మాత్ర మానొద్దు."

ఆ మూడు నెలలూ ఎట్లా గడిచాయో రాయడానికి నాకు అతిశయోక్తులు చాలవు. రెండోసారి సూదికి బినైన్, అంటే చెడ్డ గడ్డ కాదు, అని వచ్చింది. ఆపరేషన్ వద్దు, మాత్ర వాడుతూ ఆరు నెలలకొకసారి స్కాన్ అన్నారు. ఈశ్వరమ్మ కూడా తన స్కాన్ మొదలుపెట్టింది, ప్రతి ఆదివారమూ టేపు పెట్టి ఒక అంకె రాసేది. పదహారు. పదహారు. పదహారుంపావు.

కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండేది!

పోయినేడు ఉగాది దాటిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం సంగటి తింటుండగా ముద్ద గొంతులో ఆగింది. సంగటి నమిలేది కాదు, మింగేది. మా సీమలో పుట్టినవాడికి సంగటి ముద్ద ఆగిందంటే వాడి పని అయిపోయినట్టే. నీళ్లు తాగాను, అవి కూడా ఆగాగి దిగాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముద్ద దిగడంల్యామే."

"మొన్న అరటిపండు గూడ దిగడంల్యా అంటివి. ఆ మీదట మూడు తింటివి."

"ఈసారి నిజంమే. ఒట్టు."

"నువ్వు ఒట్టు పెట్టకుండా ఎప్పుడు మాట్లాడినావప్పా?"

దస్తగిరికి ఫోను చేస్తే నవ్వాడు. డాక్టరమ్మ దగ్గరికి పోతే, నెల కింద స్కాన్ బాగానే ఉంది కదా, అనవసరంగా భయపడుతున్నారేమో అంది. నేను ఎన్నడూ అంత ఒంటరివాణ్ణి కాలేదు. జీవితమంతా ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్తే నమ్మినవాళ్లు, ఉన్నది ఉన్నట్టు చెప్పినరోజు ఒక్కరూ నమ్మలేదు. రెండు వారాలు జావ తాగి బతికాను. పడుకుంటే గొంతు మీద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా లెక్క సగానికి కోస్తారు.

నేను జావ తాగుతుంటే ఈశ్వరమ్మ చూస్తూనే ఉంది. పెళ్లిళ్ల పనిలో పడి మూడు ఆదివారాలు నన్ను కొలవలేదు. నాలుగో ఆదివారం టేపు చుట్టింది. చుట్టిన చెయ్యి అట్లాగే ఆగింది. విప్పి మళ్లీ చుట్టింది. పుస్తకంలో రాయలేదు.

"ఎంతమే?"

"పదహారు ముప్పావు."

అని, టేపు నా మెడకు ఉండగానే నా భుజం మీద తల పెట్టింది. "నమ్మకపోతిని గదప్పా," అంది. ఆ మాటను నేను ఇప్పటికీ సగానికి కోయలేను.

నంద్యాలలో సర్జన్ మమ్మల్ని చూడగానే నా వైపు చెయ్యి చూపించి, "మీరు మాట్లాడొద్దు. అమ్మా, మీరు చెప్పండి," అన్నాడు. ఆమె పుస్తకం తెరిచింది. స్కాన్‌లో గడ్డ నాలుగు పాయింట్ ఆరు సెంటీమీటర్లు. లోపల రక్తం చేరి ఉబ్బి ఉండవచ్చు అన్నాడు. గాలిగొట్టాన్ని ఒక పక్కకు తోస్తోంది, ఆహారగొట్టాన్ని నొక్కుతోంది.

"అప్పుడు ఆపరేషన్ మీ మాట మీద చేయబోయాను. ఇప్పుడు నేను చూసి చెబుతున్నాను. ఇక మాత్రల పని కాదు. హెమీథైరాయిడెక్టమీ చేద్దాం, అంటే కుడి సగం తీసేద్దాం."

"గొంతు?" అన్నాను. అప్పుడు చెప్పిన జవాబే మళ్లీ చెప్పాడు. ఈసారి ఎంచుకోవడానికి ఏమీ లేదు. ముద్ద దిగకుండా గొంతు ఉండి ఏం చేయను? సంతకం పెట్టాను. పెట్టేటప్పుడు నా పేరులోనే ఒక అక్షరం తప్పు రాశాను. ఇందులో పెంచింది లేదు.

మెలకువ వచ్చాక ఈశ్వరమ్మను పిలుద్దామని నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ తెరిచాను, మళ్లీ గాలే. "నర్వ్ తెగలేదు, కొంచెం అలిసింది. టైమ్ పడుతుంది," అన్నాడు సర్జన్. బయాప్సీలో కూడా చెడు ఏమీ లేదని తేలింది. అందరూ సంతోషించారు. నేను గాలి వదిలాను.

మూడు నెలలు గుసగుసే. ఆసుపత్రిలో నేర్పిన గొంతు వ్యాయామాలు రోజూ చేసేవాణ్ణి. ఒకసారి పోటీలకు పోయి జనంలో నిలబడ్డాను. కోడెలు బండను లాగుతున్నాయి, ఎవరో కుర్రవాడు మైకులో అడుగులు ఎన్నో అన్నీ సరిగ్గా చెప్తున్నాడు. అంత నిజం నేను వినలేకపోయాను. సగంలో వచ్చేశాను.

నాలుగో నెలలో ఒకరోజు పెరట్లో కూర్చొని, అలవాటుగా, "ఈశ్వరీ, రొంత నీళ్లియ్యిమే," అన్నాను. మాట బొంగురుగా, గీరుకుంటూ వచ్చింది. పెరటి గోడ అవతలికి కూడా పోయి ఉండదు. ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది.

"ఏందప్పా, ఊరంతా వినపడేట్ల అట్ల అరుస్తాండావ్!"

నీళ్ల చెంబుతో వచ్చింది. కళ్లు తుడుచుకోలేదు కూడా. ఆమె జన్మలో చెప్పిన అతిశయోక్తి అదొక్కటే.

ఇప్పుడు గొంతు ముప్పావు వంతు వచ్చింది. పోటీల్లో చివరి రౌండుకు మాత్రమే మైకు పట్టుకుంటాను, దస్తగిరి సౌండు పెంచుతాడు. మాత్ర పరగడుపున రోజూ వేసుకుంటాను. ఆపరేషనైన కొన్నాళ్లకు ఈశ్వరమ్మ కొలిస్తే మెడ పదిహేనున్నర. ఆనాడు బొత్తాం పడని చొక్కా ఇప్పుడు సరిపోయింది. అది తొడుక్కొనే ఇది రాస్తున్నాను.

నాలాంటివాళ్లకు చెప్పేది ఒకటే. ఆపరేషనా, మాత్రలా అన్నది మీరు చెప్పే మాట మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఎప్పుడు మొదలైంది, ఎంత పెరిగింది, ఏం మింగలేకపోతున్నారు అన్నది పెంచకుండా తగ్గించకుండా ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి. డాక్టరు దగ్గరికి ఒంటరిగా పోవద్దు. మీ మాటను కోసే మనిషిని ఒకరిని వెంట తీసుకుపొండి.

ఇక, ఇందులో నేను కల్పించింది. నంద్యాలలో తెగించి నిజం చెప్పాను అన్నాను కదా, అదే. డాక్టరు మాటలు ఆయనవే. సిరంజి కిందపడలేదు. బస్సెక్కింది ఈశ్వరమ్మ, నన్ను చెయ్యి పట్టి ఎక్కించింది కూడా ఆమే. పుస్తకం ఆమె చంకలో ఉంది. బల్ల మీద పెట్టి, "మా ఆయప్ప మాట నమ్మొద్దు సార్, ఈ కొలత నమ్మండి," అంది. నేను పక్కన స్టూలు మీద కూర్చొని నా చెప్పులు చూసుకుంటున్నాను. నోరు పెగల్లేదు.

ఆపరేషన్‌కు ఏడాది ముందే నా గొంతు ఒకసారి పోయింది. ఆ రోజే.